బ్యాటరీ చేసిన పాపం

పొద్దున్నే లేవనివాణ్ణి లోకం క్షమించదు. మనిషైనా అంతే, మోటారు కారైనా అంతే. రాత్రంతా వాడికేమయిందని ఎవరూ అడగరు. తెల్లారేసరికి లేచి నిలబడ్డాడా లేదా అన్నదొక్కటే లెక్క. తాళంచెవి తిప్పినప్పుడు కారు ‘టిక్కు టిక్కు’మని ఊరుకుంటే చాలు, చుట్టూ చేరిన పదిమందీ ఏకగ్రీవంగా తీర్పు చెప్పేస్తారు: “బ్యాటరీ పోయింది.” ఈ తీర్పుకు పెద్ద చదువు అక్కర్లేదు. పాలుపోసే ఆయనా చెబుతాడు, ఎదురింటి రిటైర్డు తాసీల్దారుగారూ చెబుతారు. బ్యాటరీ మాత్రం తన తరఫున ఒక్కమాట చెప్పుకోలేదు. దానికి నోరు లేదు. ఉన్న కాస్త శక్తినీ రాత్రికి రాత్రి ఎవరో తాగేశారు.

తాగినవాడు ఒకడు, పడిపోయినవాడు మరొకడు అయినప్పుడు మనం ఎవరి పీక పట్టుకుంటాం? చిన్న ప్రశ్నే గాని, దీనికి సమాధానం వెతుక్కుంటూ పోతే ఆళ్లగడ్డలో మొదలై నంద్యాల దాకా పోవలసివచ్చింది.

ఆళ్లగడ్డలో నాకు బాగా తెలిసిన ఒకాయనకు రెండు బాడుగ కార్లున్నాయి. ఒకదాన్ని తానే నడుపుతాడు. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమయింది గాని, అహోబిలం పోయే భక్తులకు అది ఏనాటినుంచో దిగవలసిన రైలుస్టేషను. అక్కడ యాత్రికులను ఎక్కించుకుని నలభై కిలోమీటర్లు వస్తే ఆళ్లగడ్డ, అక్కణ్ణుంచి మళ్లీ పాతిక దాకా పోతే అహోబిలం. తొమ్మిదిమంది నరసింహస్వాములు కొండల్లోనూ కోనల్లోనూ తలా ఒకచోట కొలువైన క్షేత్రం కనుక, భక్తులు దిగి నడిచి దర్శనాలు చేసుకుని వచ్చేసరికి పూట గడుస్తుంది. అంతసేపూ కారూ, కారు తోలేవాడూ కింద చెట్టునీడన కాచుకుని ఉండాలి. కాచుకుని ఉన్నవాడికి పాట కావాలి. ఇది న్యాయమైన కోరికే. పాట లేకుండా కాచుకోవడం ఎంత కష్టమో ఆస్పత్రి వరండాల్లో కూర్చున్న వాళ్లనడగండి.

ఆయన కారుకు పెద్ద తెర ఉన్న కొత్త స్టీరియో, సీటు కింద ఆంప్లిఫయరూ పెట్టించుకున్నాడు. మూడు నెలలు దివ్యంగా పాడింది. తర్వాత ఒక తెల్లవారుజామున కారు లేవలేదు. “రాత్రి బాగుండె సార్, తెల్లార్తో చూస్తే సచ్చిన పాము మాదిరి పడుండాది” అని చెప్పాడు. ఐదువేలు పోసి కొత్త బ్యాటరీ వేయించాడు. పాతది నాలుగేళ్లనాటిది గనక దానికోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే కొత్తదీ అదే దారి పట్టింది. కొన్నచోటికి తీసుకుపోతే వాళ్లు ఒక రాత్రి ఛార్జింగు పెట్టి, పరీక్ష చేసి, “బ్యాటరీకేం రోగం లేదు” అని చేతిలో పెట్టారు.

చూశారా, ఇక్కడే కథ మలుపు తిరిగింది. బ్యాటరీ నిర్దోషి అని తేలింది. కారుకు పైకి ఏ జబ్బూ కనపడదు. మరి దోషి ఎవరో ఒకరుండాలి గదా! యంత్రాల్లో దొరక్కపోతే మనుషుల్లో వెతకడం మనకు అలవాటు.

దొరికాడు. బండి కడిగే కుర్రవాడు. ఇంటర్ తప్పి ఇంటిపట్టున ఉంటే, వాళ్లమ్మ వచ్చి అడిగితే పనిలో పెట్టుకున్నది. బాడుగ లేని రోజున వచ్చి రెండు కార్లూ కడిగి, లోపల తుడిచి పోతాడు. తుడిచేటప్పుడు పాటలు పెట్టుకుంటాడు. ఆ సంగతి వీధంతా ఎరుగును. యజమాని వేళ్లమీద లెక్కపెట్టి చూసుకున్నాడు. కారు మొరాయించిన ప్రతిసారీ, ముందురోజు ఆ కుర్రవాడు వచ్చి కడిగిపోయిన రోజే! ఒకసారి గాదు, నాలుగుసార్లు. ఇంకేం సాక్ష్యం కావాలి?

“పాటలు పెట్టుకుంటాను గానీ అన్నా, పొయ్యేటప్పుడు ఆపేసే పోతా” అన్నాడు వాడు.

“సరేలే, రేపట్నుంచి రావొద్దులే” అన్నాడీయన. జీతంలో వెయ్యి రూపాయలు పట్టుకున్నాడు.

వాడు పోయిన పదిరోజులకు కారు మళ్లీ లేవలేదు. ఈసారి వేళ కాని వేళ. తెల్లవారుజామున నాలుగింటికి వెనకవీధిలో ఒక పెద్దావిడకు ఆయాసం వస్తే నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోదామని తలుపు కొట్టారు. ఈయన పరిగెత్తుకొచ్చి తాళం తిప్పితే టిక్కు టిక్కు. రెండో బండి ఊళ్లో లేదు. ఇంకొకరిని లేపి, వాళ్ల బండి వచ్చేసరికి నలభై నిమిషాలు. ఆవిడ గట్టిపిండం, బతికింది. ఇప్పుడు బాగానే ఉంది. కాని ఆ నలభై నిమిషాలు ఈయన ఆవిడ ముఖం చూడలేక బానెట్టు ఎత్తి అందులో తల దూర్చుకుని నిలబడ్డాడట.

అప్పుడైనా కుర్రవాడి సంగతి స్ఫురించిందా అంటే, స్ఫురించింది. ఎలాగో వినండి: “వాడు తాళంచెవికి నకలు చేయించుకున్నాడేమో!”

నవ్వకండి. ఒకసారి ఒకణ్ణి దోషి అని మనసులో ముద్ర వేసుకున్నాక, వాడు దోషి కాడని చూపే సాక్ష్యం కూడా వాడు మరింత ఘరానా దొంగ అనడానికే పనికొస్తుంది. ఇళ్లలో కోడళ్లకూ, ఆఫీసుల్లో అటెండర్లకూ, బళ్లలో ఆఖరి బెంచీ పిల్లలకూ ఈ న్యాయశాస్త్రం అనుభవంలో ఉన్నదే.

చివరికి ఎవరో చెబితే కారును నంద్యాలలో ఒక పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియను దగ్గరికి తోలుకుపోయాడు. నేనూ ఆ రోజు నంద్యాలలో పని ఉండి తోడు వెళ్లాను. ఆ పెద్దమనిషి వైద్యం చూడవలసిందే. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాడు. తీగకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును పది ఆంపియర్ల గుర్తు మీద పెట్టి కలిపాడు. అంటే బ్యాటరీనుంచి పోయే ప్రతి చుక్కా మీటరు కళ్లముందునుంచే పోవాలి. అంబాసిడర్ కార్ల రోజుల్లో ఇదే పనికి చిన్న బల్బు కట్టేవాళ్లట. అన్నీ ఆపేసినా బల్బు వెలుగుతుంటే ఎక్కడో కారిపోతున్నదని లెక్క. తర్వాత తలుపులు మూయించి, తాళం వేయించి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

“ఇప్పుడేం చేయాల?” అన్నాడు మావాడు.

“ఏమీ చెయ్యొద్దు. ముట్టుకోవద్దు. బండిని నిద్రపోనీప్పా. ఇంట్లో అందరూ పడుకుంటే గానీ మేలుకున్నోడెవడో తెలీదు.”

ఇప్పటి కార్లలో తాళం తీసిన వెంటనే అన్నీ ఆగిపోవు. లోపలి చిన్న చిన్న కంప్యూటర్లు కాసేపు మెలకువగా ఉండి ఒక్కొక్కటే కళ్లుమూస్తాయి. అరగంట ఆగాలి. అన్నీ పడుకున్నాక కూడా గడియారానికీ, తాళం కనిపెట్టే యంత్రానికీ కాస్త ఖర్చుంటుంది. మామూలు కారుకు అది ముప్ఫై, మహా అయితే యాభై మిల్లీ ఆంపియర్లు. మేం రెండు టీలు తాగాం. మీటరు దిగి దిగి 0.40 దగ్గర ఆగింది. నాలుగు వందల మిల్లీ ఆంపియర్లు! పదిమంది కాపలావాళ్ల కూలి ఒక్కడు తింటున్నాడన్నమాట.

పెద్దాయన తీరిగ్గా లేచి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడడం మొదలుపెట్టాడు. ఒకటి పీకితే మీటరు కదల్లేదు, మళ్లీ పెట్టేశాడు. రెండోది, మూడోది, ఆరోది. రేడియో ఫ్యూజు పీకగానే అంకె జారిపోయి 0.03 దగ్గర నిలిచింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన పట్టాడు.

స్టీరియో బయటికి లాగి చూస్తే వెనకాల రెండు తీగలు, ఒక పసుపుది, ఒక ఎర్రది, ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయి. బయట కొన్న స్టీరియోల్లో చాలావాటికి పసుపు తీగ జ్ఞాపకానిది. కారు ఆగినా దానికి ఎప్పుడూ కరెంటు ఉండాలి. లేకపోతే గడియారమూ, మీరు పెట్టుకున్న స్టేషన్లూ మరిచిపోతుంది. ఎర్ర తీగ మెలకువది. తాళంచెవి తిప్పినప్పుడే దానికి కరెంటు రావాలి, తీసినప్పుడు పోవాలి. ఈ రెండూ కలిపితే తాళం తీసినా స్టీరియోకు తెల్లారినట్టే ఉంటుంది. పైన బొత్తాం నొక్కితే తెర నల్లబడుతుంది, పాట ఆగుతుంది. లోపల మాత్రం అది మేలుకునే ఉంటుంది. ఈ కారులో సీటుకింది ఆంప్లిఫయరును కూడా మేలుకొలిపి ఉంచింది. ఆపేశానన్న కుర్రవాడు నిజమే చెప్పాడు. ఆగిపోయానని తెర అబద్ధం చెప్పింది.

ఇక లెక్క చూడండి. గంటకు 0.40 చొప్పున రోజుకు దాదాపు పది ఆంపియర్ గంటలు. ఆ కారు బ్యాటరీ మొత్తం 35. రోజూ బాడుగలుంటే, నంద్యాలకూ అహోబిలానికీ తిరిగేటప్పుడు రాత్రి పోయినదాన్ని ఆల్టర్నేటరు పగలు పూడ్చేస్తుంది, ఎవరికీ తెలియదు. ఆదివారం రాత్రి ఇంటికొచ్చి, సోమవారం బాడుగ లేక నిలబడిపోయిందనుకోండి. మంగళవారం తెల్లవారుజాముకు ముప్ఫై గంటలు దాటుతాయి. పన్నెండు, పదమూడు ఆంపియర్ గంటలు హరీ! ఇదివరకే నాలుగు దెబ్బలు తిన్న బ్యాటరీ ఇంకేం లేస్తుంది? సోమవారం కుర్రవాడు కారు కడిగిన మాట నిజం. మంగళవారం కారు చచ్చిన మాటా నిజం. ఆ రెంటికీ మూలం ఒక్కటే: సోమవారం కారు ఇంట్లో ఉండడం. ఇంట్లో ఉంది కనుక కడిగాడు, ఇంట్లో ఉంది కనుక చచ్చింది. వాడి చేతిగుడ్డకూ బ్యాటరీకీ ఏ సంబంధమూ లేదు.

భారతంలో మాండవ్య మహర్షి కథ అందరికీ తెలిసిందే. మౌనవ్రతంలో ఉన్న రుషి ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచుకుని తామూ దాక్కున్నారు. భటులొచ్చి అడిగితే ఆయన నోరు విప్పలేదు. సొమ్ము దొరికింది ఆయన ఇంట్లో కనుక, రాజు ఆయన్నీ కొరత వేయించాడు. తర్వాత నిజం తెలిసి కాళ్లమీద పడి, శూలం లాగబోతే రాలేదు. పైకి కనబడే మేరకు కోయించాడు. మొన మాత్రం లోపలే ఉండిపోయి ఆయనకు అణిమాండవ్యుడని పేరు వచ్చింది. తప్పుడు శిక్ష తొలగించినా దాని మొన ఒంట్లో ఉండిపోతుందని ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు.

బ్యాటరీకీ అంతే సుమా. లోపల సీసం పలకలు, వాటి మధ్య గంధకామ్లం. కరెంటు ఖర్చయినప్పుడల్లా పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగు చేస్తే అది కరిగిపోతుంది. అడుగంటిన బ్యాటరీని అలాగే వదిలేస్తే గట్టిపడి స్ఫటికాలుగా పట్టుకుంటుంది, ఇక ఊడదు. అంటే ఏ పాపమూ ఎరగని బ్యాటరీని నాలుగుసార్లు అడుగంటా పిండితే, ఐదోసారికి అది నిజంగానే చెడ్డ బ్యాటరీ అవుతుంది. అప్పుడు ఏ అంగడికి తీసుకుపోయి పరీక్ష చేయించినా “బ్యాటరీ వీకు” అనే వస్తుంది. ఆ మాటలో అబద్ధం లేదు, న్యాయమూ లేదు. ఇంటర్ తప్పిన పిల్లవాణ్ణి పదిళ్లవాళ్లు దొంగచూపులు చూస్తే పదకొండో ఇంటికి వాడెలా తయారవుతాడో నాకు తెలియదు గాని, పలకల సంగతి మాత్రం చెప్పగలను.

సరే, దోషి ఎవరు? స్టీరియో అందామా? దానికి కరెంటు ఇచ్చారు, మేలుకుంది. అది దాని ధర్మం. తీగలు కలిపిన పనివాడా? పెద్దాయన అదే అడిగాడు: “ఎవరప్పా ఇది కలిపినోడు?” మావాడు కాసేపు తల గోక్కుని చెప్పాడు. స్టీరియో పెట్టించిననాడు, “కొండకింద గంటలకొద్దీ పడుండేవాళ్లం, తాళం తీసినా పాట ఆక్కూడదు, ఎట్లైనా చెయ్యి” అని బతిమాలింది తానేనట. ఆ మాట ఆయన పూర్తిగా మరిచిపోయాడు. జ్ఞాపకం ఉంచుకోవడానికి స్టీరియోకు పసుపు తీగ ఉంది, మనిషికి లేదు.

పూర్వపు కారు రేడియోలకు ఈ గొడవ లేదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా అనే పేరుతో కారు రేడియో అమ్మడం మొదలుపెట్టారు. అప్పటివి బల్బుల రేడియోలు, కరెంటు బాగా తినేవి. కాని అవి తినేది తెలుస్తుండేది. తర్వాత వచ్చినవాటికీ గుండ్రటి మీట ఒకటుండేది. ‘టక్’మని తిప్పితే తీగ తెగినట్టే, అది ఆగినట్టే. స్టేషన్ల బొత్తాలు కూడా లోపల ఇనప మీటలతో నడిచేవి, వాటి జ్ఞాపకానికి కరెంటు అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ జ్ఞాపకం వచ్చాక ‘ఆపడం’ అనే మాటకు అర్థం మారింది. ఇప్పుడు మనం బొత్తాం నొక్కి చేసేది ఆజ్ఞ కాదు, విన్నపం. అలాగని ప్రతి కారుటమూ దొంగతనం కాదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక నెలా రెండు నెలలు కదలని కార్లు ఎన్నో లేవకుండా పోయాయి. వాటిలో ఏ తీగా తప్పుగా కలవలేదు. ముప్ఫై మిల్లీ ఆంపియర్లయినా నెలకు ఇరవై ఆంపియర్ గంటలు దాటుతుంది మరి. అమెరికా పిల్లల దగ్గరికి ఆరునెలలు పోయేవాళ్లు నెగటివ్ తీగ ఊడదీసి పోవడం మంచిది. గడియారం తప్పుగా నడిస్తే వచ్చాక దిద్దుకోవచ్చు.

పెద్దాయన ఎర్ర తీగను పసుపుదానినుంచి విడదీసి, తాళంచెవితో పలికే తీగకు కలిపాడు. ఇరవై నిమిషాల పని. “పాట కావాలంటే తాళం ఒక మెట్టు తిప్పుకోండి, పాట అయినాక తీసెయ్యండి” అని చెప్పి ఏడువందలు అడిగాడు.

“రెండు తీగలు విడదీసినదానికి ఏడువందలా సామీ?” అన్నాడు మావాడు.

“తీగలకు ఊరికే. కూర్చున్నదానికి ఏడువందలు.”

మావాడు గొణుక్కుంటూ ఇచ్చాడు. కొత్త బ్యాటరీకి ఐదువేలు ఇచ్చిననాడు గొణగలేదు. ఇది నాకు ఆ రోజంతా ముల్లులా గుచ్చుకుంది. శిక్షకు డబ్బివ్వడానికి మనం వెనకాడం. విచారణకు ఇవ్వాలంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. శిక్ష కంటికి కనబడుతుంది, కొత్త బ్యాటరీ నిగనిగలాడుతూ ఒళ్లో కూర్చుంటుంది. విచారణ అంటే ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని అంకెలు చూడటం. ఆళ్లగడ్డ శిల్పులను చూడండి, ఉలి పెట్టకముందే రాయి మీద కొట్టి ధ్వని వింటారు. లోపల పగులుంటే రాయి పలికే తీరులో తెలుస్తుంది. విగ్రహం సగమయ్యాక బయటపడితే ఎన్ని నెలల కూలి పోతుందో వాళ్లకు తెలుసు. వాళ్లు వినడానికి పెట్టిన ఆ కాసేపటికి కూడా విగ్రహం ధరలో భాగముందని కొనేవాళ్లకు తట్టదు.

తిరుగుదారిలో శిరివెళ్ల దాటాక నేనే కదిపాను. “మరి ఆ పిల్లవాడి సంగతి?”

“వాడికేముంది సార్? వాణ్ణి దొంగా అని నేను నోరు తెరిచి అనలేదు గదా” అన్నాడు.

నిజమే, అనలేదు. రావొద్దులే అన్నాడంతే. చిక్కంతా అక్కడే ఉంది. నోటితో అన్న మాటైతే నోటితోనే వెనక్కి తీసుకోవచ్చు. “తప్పయింది నాయనా” అంటే పోతుంది. అనకుండా అనుకున్న మాటను ఎలా తీసుకోవడం? వాణ్ణి పిలిచి “నువ్వు దొంగవు కావురా” అంటే, దొంగ అనుకున్నానని మొదటిసారి చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే వీధిలో వాళ్లు తమంతట తాము అనుకున్నది అలాగే ఉంటుంది. మన మర్యాదస్తుల కుటుంబాల్లో చాలా అభియోగాలు ఈ తరహావే. ఎవరూ ఏమీ అనరు. బీరువాకు తాళం పడుతుంది, పనిమనిషి మారుతుంది, తమ్ముడు పెళ్లికి పిలుపు ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. అడిగితే “మేమేమన్నాం?” అంటారు. అన్నదానికి రుజువుండదు కనుక క్షమాపణకు చోటుండదు. బ్యాటరీ అదృష్టం దొడ్డది, దాన్ని పదిమందిలో తిట్టారు. పదిమందిలోనే నిర్దోషి అనీ చెప్పవచ్చు.

ఇదంతా నేను ఆయనకు చెప్పలేదు. కారు తోలుతున్న మనిషితో ఇంత వేదాంతం క్షేమం కాదు. “ఆ వెయ్యి రూపాయలైనా ఇచ్చేయండి” అన్నాను. ఆళ్లగడ్డ వచ్చేదాకా మాట్లాడలేదు.

నాలుగు రోజుల తర్వాత వెళ్లి ఇచ్చి వచ్చాడట. కుర్రవాడిప్పుడు ఒక శిల్పుల పనికొట్టంలో విగ్రహాలకు నునుపు పెట్టే పనిలో ఉన్నాడు, ముఖమంతా రాతిపొడి. ఈయన వైరు సంగతి గాని, ఫ్యూజు సంగతి గాని ఎత్తలేదు, “లెక్కలో పొరపాటైంది, తీసుకో” అని చేతిలో పెట్టాడు. వాడు చేతులు తుడుచుకుని డబ్బు తీసుకుని, ఎంచకుండా జేబులో పెట్టుకుని, ఒకటే అడిగాడట:

“బండి ఇప్పుడు తెల్లారి లేస్తాందా అన్నా?”